కింది సెక్షన్

పటమటలోని ఓ రెసిడెన్షియల్ కాలేజీ స్టాఫ్‌రూములో, లెక్కల సారు ఎదుట ఇంటర్ చదివే అమ్మాయి చేతులు కట్టుకుని నిలబడింది.

"ఐఐటీ బ్యాచ్ లెక్కలు నా వల్ల కావట్లేదు సార్. మామూలు ఎంసెట్ సెక్షన్‌కి మార్చండి."

"ఫస్ట్ ర్యాంకు పిల్లవి, నీకా తేలిక లెక్కలెందుకమ్మా?"

"నిద్ర పట్టట్లేదు సార్."

"సీటొచ్చాక హాయిగా పడుకుందువుగాని."

"మొన్న వీక్లీ టెస్టులో మార్కులు పడిపోయాయిగా సార్. తగ్గినవాళ్ళని కిందికి దింపుతారుగా?"

"ఆ పేపరు దిద్దింది నేనే. ప్రతి లెక్కా ఆఖరి స్టెప్పు దాకా చక్కగా చేసి, జవాబు మాత్రం తప్పు రాశావు. రానివాళ్ళు అలా రాయలేరు తల్లీ. నిన్నెలా దింపుతాను?"

ఆయన మురిపెంగా నవ్వారు. ఉన్న ఒక్క దారీ మూసుకుపోయిందనిపించిందామెకి.

"అయితే నిజంగానే ఏమీ రాకుండా పోవాలంటే ఏం చెయ్యాలి సార్?"

"భలేదానివే! వెళ్ళు, స్టడీ అవర్ బెల్లయింది."