వెనక్కి తన్నే తుపాకీ మీద సవారీ

"లైట్ మెషిన్ గన్ పేరులోనే లైటు. భుజాన వేసుకుని కొండెక్కితే పట్టపగలే చుక్కలు కనిపిస్తాయి. నవ్వుతావేం మెకానిక్కూ? నీ పానాల పెట్టె కాదయ్యా అది! కాలిస్తే వెనక్కి తంతుంది. తన్ను మీద తన్ను. గొట్టం లేచి ఆకాశం చూస్తుంది. దాన్ని దించి బుద్ధిగా కూర్చోబెట్టేవాడే మొనగాడు."

మా మామయ్య మొదలుపెట్టాడంటే అమ్మ టీకొట్టు ముందు బల్ల నిండిపోతుంది. అమ్మకి ఒక్కడే తమ్ముడు, సైన్యంలో చేసి రిటైరైనవాడు. ఇప్పుడు సైన్యంలో చేరింది ఆయన మేనకోడల్ని, నేను. ఫైరింగ్ పరీక్ష ఒకసారి తప్పాను. ఇంకోసారి తప్పితే ఇంటికి పంపేస్తారు. సెలవు అయిపోయింది, రేపే ప్రయాణం. ఏదైనా కిటుకు చెబుతాడేమోనని నేనూ చెవులు రిక్కించి కూర్చున్నాను.

"మొదటి రోజు అందరి తూటాలూ టార్గెట్ పైనుంచి పోయాయి. నావి మాత్రం గుప్పెడంత చోట్లో దిగాయి."

"అంతేనా?" అన్నాడు బల్ల చివర కూర్చున్న దర్జీ.

"ఆగవయ్యా, అసలు సంగతి ఇప్పుడే కదా! గన్ను కదల్లేదు, నేనూ కదల్లేదు. మరి అంత తన్నూ ఎటు పోవాలి? ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా బూట్ల గుండా భూమిలోకి దిగింది. దాంతో వెనకెక్కడో ఉన్న వంటగది గోడ నెర్రె విచ్చింది. వంటవాడు గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. కాల్చడం నేర్పే మా మాస్టారు నా భుజం తట్టి, ఇంత బలం ఊరికే పోనివ్వకూడదురా అన్నాడు. పోనిస్తానా? ఓసారి జీపులో పెట్రోలైపోయింది, ఎదురుగా కొండ. గన్ను వెనక్కి తిప్పి బిగించి, ట్రిగ్గర్ నొక్కాను. అది తన్నిన తన్నుకి జీపు ఝామ్మని కొండెక్కింది. మలుపుల దగ్గర హారన్ కూడా నేనే కొట్టాను."

"గేరు ఎందులో ఉంది?" మెకానిక్ అడిగాడు.

"గేరెందుకయ్యా, గన్నుండగా! ఇంకా విను. వంతెన కూలిపోయింది, కింద నది, అవతల ఒడ్డున మావాళ్లు. మా కల్నల్ గారేమో ఈత రాదంటాడు. ఎక్కండి సార్ అని ఆయన్ని వీపున ఎక్కించుకుని, గొట్టం నేలకి తిప్పి కాల్చాను. లేచాం! కొంగలు పక్కకి తప్పుకున్నాయంటే నమ్ము."

"మరి దిగడం?" అన్నాడు దర్జీ.

"అదే కదా విద్య! ఒకేసారి ఆపితే కింద పడి చస్తాం. రెండు మూడు తూటాలు కాల్చి వేలు తీసెయ్యడం, మళ్లీ కాల్చడం. మెట్లు దిగినట్టు దిగాం. కల్నల్ గారి టోపీ కూడా నలగలేదు."

బల్లంతా చప్పట్లు. మామయ్య ఊపు మీద చీపురు అందుకుని, దాని కర్ర చంకలో పెట్టుకుని కాల్చి చూపించాడు.

నాకు ఏడుపొచ్చింది. "చంకలో కాదు మామయ్యా, భుజానికి ఆనించాలి. నేను నిజంగా ఫెయిలవుతున్నాను. నాకు పనికొచ్చేది ఒక్కటైనా చెప్పు."

అమ్మ కెటిల్ ఠక్కున దించింది. "అది ఏడుస్తుంటే నీ కోతలేంట్రా? ఫైరింగ్ రేంజ్‌లో టార్గెట్ల కింద గుంటలో కూర్చుని, చిల్లులు పడ్డ అట్టలకి కాగితం అంటించడమే కదా నీ ఉద్యోగం! ఒక్కనాడైనా ట్రిగ్గర్ మీద వేలేశావా?"

బల్ల విరిగిపోయేలా నవ్వారు. మామయ్య చీపురు గోడకి ఆనించి తల దించుకున్నాడు.

నేను మాత్రం నవ్వలేదు. "అంటే అందరి చిల్లులూ చూసిందీ నువ్వే కదా మామయ్యా! నావి మొదటిది మధ్యలో పడుతుంది. మిగతావన్నీ పైకి, కుడిపక్కకి పాకుతాయి. ఎందుకు?"

ఆయన తలెత్తాడు. గొంతు మారిపోయింది.

"తంతుందని ముందే వెనక్కి జరుగుతున్నావు. భయంతో వేలు బిగించేసి, తీయడం మర్చిపోతున్నావు. కొత్తవాళ్ల అట్టలన్నీ అలాగే ఉండేవి. పడుకో బల్ల మీద."

దర్జీ, మెకానిక్ లేచి చోటిచ్చారు. బోర్లా పడుకుని చీపురు కర్ర భుజానికి ఆనించాను.

"ఎడమ చేత్తో గన్ను వెనక భాగం పట్టుకుని భుజానికి లాక్కో. ముందుకి ఒరుగు. నీ బరువంతా గన్ను ముందుకాళ్ల మీద పడాలి. రెండు మూడు పోగానే వేలు తీసెయ్."

ముందు నిలబడి అరచేత్తో కర్రని ఒక్క తోపు తోశాడు. మొదటిసారి జరిగిపోయాను. మళ్లీ తోశాడు, కొంచెం ఆగాను. మూడోసారి పళ్లు బిగబట్టి రెండు చేతులా తోశాడు. నేను కదల్లేదు. ఆయన చెప్పులే గచ్చు మీద వెనక్కి జారాయి.

"పాసైపోయావు, పో!" ఆయాసపడుతూ అరిచాడు. కళ్లు మెరుస్తున్నాయి. "ఇకనుంచి ఈ బల్ల మీద నేను చెప్పేది దీని కథే!"

"ఎంత పెంచి చెబుతావో!" అన్నాడు దర్జీ.

మామయ్య నావంకే చూస్తూ అన్నాడు, "దీని సంగతికి పెంచడమెందుకయ్యా? ఉన్నది చెబితేనే మీరు నమ్మరు."