మూడో పిన్ను

అరే, ఆ చెయ్యి కదపొద్దని డాక్టరమ్మ చెప్పిందా లేదా? కట్టు కట్టిన చేతితోనే ఫోన్ కోసం తడుముతున్నవ్! నా కాడనే ఉందయ్యా నీ ఫోన్. బూర్గంపాడుల ఎవరింట్ల నెట్ రాకున్నా నేనే మాట్లాడుతున్న. "మా ఆయన రెస్టుల ఉన్నడు, మీరు కూడా జర రెస్టు తీసుకోండ్రి" అంటున్న.

నవ్వకు. నవ్వితే ఛాతిల నొప్పి అంటివి కదా.

ఎన్నిసార్లు చెప్పిన నీకు? మన కేబుల్ ఆఫీసుల నెట్ డబ్బాలు పెట్టిన ఆ ఇనుప రాక్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుందని? నువ్వేమన్నవ్? "సువర్ణా, కరెంటు రాక్‌ల లేదు, నీ ఒంట్లనే ఉంది" అన్నవ్. మాట మంచిగనే ఉండె. నేనూ మురిసిన. ఆ మురిపెంల అసలు సంగతి పక్కకు పోయింది.

ఎందుకు జివ్వుమంటుందో నిన్న తెలిసింది. ఎలక్ట్రీషియన్ రామ్‌సింగ్ అన్నను పిలిపిస్తే, రాక్ ప్లగ్ గుంజి చూపెట్టిండు. మూడు పిన్నులు ఉండాల్సిన కాడ రెండే ఉన్నయ్. పైన లావు పిన్ను లేదు. "దీన్ని ఎవరు కోసిండ్రు చెల్లే?" అంటే ఏం చెప్పాలె? పాత బోర్డుల పట్టలేదని కటింగ్ ప్లయర్‌తోని కటుక్కున కోసి, "చూసినవా నా తెలివి!" అని మీసం తిప్పింది ఎవరు?

అవ్, నువ్వే. అటు తిరగకు, ఇటు చూడు.

ఆ పిన్నే ఎర్తింగ్ అంట. లోపల ఏ డబ్బానో ఖరాబై ఇనుముకు కరెంటు వస్తే, ఆ పిన్ను పట్టుకొని భూమిలకు పోతదంట. ఆ తొవ్వ నువ్వు కోసేస్తివి. ఇగ కరెంటు ఏం చేస్తది? నిన్నే తొవ్వ చేసుకుంది.

మొన్న పొద్దున వానకు షట్టర్ కిందికెల్లి నీళ్లొచ్చి బండలన్నీ తడి. నువ్వేమో చెప్పులు బయట విడిచి లోపలికి పోయినవ్. నేను టీ పోస్తున్న. పక్కింటి మంగ్లి అక్క వచ్చి "మా ఇంట్ల టీవీ వస్తలేదు" అని కొట్లాడుతుంది. నువ్వు రాక్ తలుపు పట్టుకున్నవ్. అంతే.

మాట లేదు. పళ్లు కరుచుకున్నయ్, ఒళ్లంత వణుకుడు. టీ గిలాస పారేసి నీ మీదికి ఉరికిన. మంగ్లి అక్క నా జడ పట్టి వెనక్కి గుంజింది చూడు, ఇప్పటికీ నెత్తి మండుతుంది! "ముట్టుకోకే, నువ్వు కూడా పోతవ్! మెయిన్ బంద్ చెయ్!" అని అరిచింది. ఉరికి మెయిన్ పడగొట్టిన. నువ్వు బస్తా లెక్క కూలబడ్డవ్.

ఆటోల ఈ దవాఖానాకు తెస్తుంటే, గోదావరి బ్రిడ్జి మీద కండ్లు తెరిచి ఏమన్నవో యాదికుందా? "నెట్ వస్తుందా?" అన్నవ్. నీకు ఒక్కటి తగిలిచ్చిన. ఆటో ఆయన అద్దంల చూసి బెదిరిండు పాపం.

నిన్న రామ్‌సింగ్ అన్న ఆఫీసు వెనక గుంత తీసి, పైపు దింపి, బొగ్గు, ఉప్పు పోసిండు. అక్కడికెల్లి ఆకుపచ్చ వైరు తెచ్చి రాక్‌కు, దాని తలుపుకు బిగించిండు. ప్లగ్ కొత్తది, బోర్డు కొత్తది. ఏమన్న లీకైతే టక్కున పడిపోయే స్విచ్ కూడా పెట్టిండు. మీటర్ పెట్టి చూసి "ఇగ ముట్టు చెల్లే" అన్నడు. ముట్టిన. ఏం లేదు, సల్లటి ఇనుము. నా ఒంట్ల కరెంటు అయిపోయినట్టుంది మరి!

ఏంది, గట్ల చూస్తున్నవ్?

ఒక్క మాట చెప్త, నవ్వొద్దు. నువ్వు పడ్డంక "ఊపిరి ఉందేమో చూడే" అన్నది మంగ్లి అక్క. నీ ముక్కు కాడ ఏలు పెట్టనీకి నాకు చెయ్యి రాలే. గోడ దిక్కు తిరిగి చెవులు మూసుకున్న. ఆమెనే చూసింది. నా భుజం పట్టి ఊపేదాంక నేను ఇటు తిరగలే.

పొద్దంత నీతోని ఇంత మొత్తుకుంటనా, అప్పుడు నోట్లకెల్లి నీ పేరు కూడా రాలేదు కోటేషూ.