ఆరున్నరకి దిగిన షుగర్

ఉదయం ఏడు. వంటింట్లో వదిన, నిన్న సాయంత్రం వచ్చిన ఆడపడుచు. ముందుగదిలో చాప మీద అన్నయ్య.

“అది కాదు వదినా, అయిదింటికే లేపి నడిపించావు, సరే. వచ్చీ రాగానే మళ్ళీ ఆ చాప మీద కూలేశావు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఏదో పగబట్టినట్టు...”

“ఆ ఆకుకూర కడిగిపెట్టు.”

“పగబట్టినట్టు చేస్తున్నావంటున్నా.”

“విన్నాను చిట్టీ. రెండు నీళ్ళల్లో కడుగు, ఇసక ఉంటుంది.”

“ఏమోయ్! మండూకాసనం అయింది. లేవనా?”

“పిడికిళ్ళు పొట్టకి ఆనించి వంగారా, ఊరికే కూర్చుని అయిందంటున్నారా?”

“వంగాను తల్లీ!”

“ఊపిరి వదిలిన చప్పుడేదీ? ఇంకో మూడుసార్లు.”

“చూశావా చిట్టీ! బస్సు డిపోలో డెబ్భైమంది మెకానిక్కుల్ని గడగడలాడించినవాణ్ణి. మీ వదిన నన్ను కప్పని చేసి కూర్చోబెట్టింది!”

“నవ్వుతున్నారు చూడు. ఆయనకి లేని బాధ నీకెందుకు?”

“నాకెందుకా? అన్నయ్య కోసం నేను తెచ్చిన తీపి డబ్బా ఏది?”

“పక్కింటికి ఇచ్చేశాను.”

“డబ్బా మొత్తమా! ఒక్క ముక్కకే ప్రాణం పోతుందా?”

“ఒక్క ముక్కకి పోదు. ఒక్క ముక్కేగా అని రోజూ తింటే ముందు కాలి వేళ్ళు పోతాయి. తర్వాత పాదం. మా అమ్మకి అలాగే పోయింది.”

“పొద్దున్నే ఆ మాటలెందుకులే.”

“నువ్వడిగావుగా.”

“నేనడిగింది తీపి గురించి. అయినా నిన్ను అనకూడదు వదినా. మా అత్తగారు నిన్ను చూపించే నాకు వాతలు పెడుతుంది. ‘మీ వదినని చూడు, మొగుణ్ణి యముడి చేతుల్లోంచి లాక్కొచ్చింది’ అని. ఆస్పత్రిలో పడినప్పుడు అన్నయ్య షుగర్ నాలుగువందల యాభై కదూ?”

“నాలుగువందల ఎనభై. మూడు నెలల సగటు పదకొండున్నర. మొన్నటి రిపోర్టులో ఆరున్నరకి దిగింది. డాక్టరమ్మ ఇన్సులిన్ ఆపించింది. ఇప్పుడు మాత్రలే, వాటిల్లో కూడా ఒకటి తగ్గించింది.”

“ఏడాదిన్నరలో! సిగరెట్టు మాన్పించావు, పొట్ట కరిగించావు. కంటికి రెప్పలా చూసుకున్నావు.”

“ఊఁ. రోజూ పడుకునేముందు పాదాలు నా ఒళ్ళో పెట్టుకుని చూసేదాన్ని. వేళ్ళ సందుల్లో, మడమల వెనక. గోరంత గాయం ఉండకూడదు నాకు.”

“దాన్నే ప్రేమంటారు.”

“కాదు. నువ్వు ముందన్నదే నిజం.”

“నేనేమన్నాను?”

“పగ.”

“అబ్బ, సరదాకన్నాను వదినా.”

“నేను సరదాకి అనడంలేదు. ఆస్పత్రిలో రెండోరోజు, ఇక పోతాననే భయంలో, మీ అన్నయ్య నా చెయ్యి పట్టుకుని కడుపులో ఉన్నదంతా కక్కేశారు.”

“ఏం... ఏం చెప్పాడు?”

“నీకు తెలీదా?”

“నాకేం తెలుస్తుంది?”

“నలిపేస్తున్నావు ఆకుని. ఇటివ్వు. మా అమ్మకి కాలు చీముపట్టినప్పుడు మూడుసార్లు ఫోన్ చేసిందట. నాలుగు రోజులు వచ్చి కట్టు కట్టి పొమ్మని. మూడుసార్లూ ఎత్తింది మీ అన్నయ్యే. ‘అమ్మాయి ఇంట్లో లేదండీ, రాగానే చెప్తాను’ అన్నాడట. నేనెక్కడున్నానో తెలుసా? ఇదిగో, ఈ పొయ్యి దగ్గర.”

“అప్పుడు నా పెళ్ళి పనులు కదా వదినా, నువ్వు వెళ్ళిపోతే ఇల్లు గడవదని అన్నయ్య...”

“అంటే తెలుసన్నమాట.”

“వదినా...”

“తెలుసు నీకు.”

“పక్కగదిలో ఉన్నాను. చీర మడతపెడుతున్నాను. మూడోసారి మీ అమ్మ గొంతు ఫోన్లోంచి బయటికే వినపడింది. ఏడుస్తోంది.”

“ఏమంటోంది?”

“వద్దు వదినా, ఇరవై రెండేళ్ళయింది.”

“మా అమ్మ ఆఖరి మాట చిట్టీ. ఏమంటోంది?”

“‘పంపకపోతే పోనీ బాబూ, ఒక్కసారి దాని గొంతు వినిపించు చాలు’ అంది.”

“...ఇది చెప్పలేదు ఆయన నాకు.”

“నన్ను తిట్టు వదినా. చెంప పగలగొట్టు. నోరెత్తితే పెళ్ళి ఆగిపోతుందని భయపడ్డాను.”

“నేను వెళ్ళేసరికి అమ్మకి మోకాలి కింద కాలు లేదు. స్పృహ రాకుండానే మర్నాడు పోయింది. కబురు పెట్టినా రాని కూతుర్నని అక్కడ ఒక్కళ్ళూ నా మొహం చూడలేదు. నా తమ్ముడు ఈ రోజుకీ నాతో మాట్లాడడు.”

“మరి... ఇంత తెలిశాక అన్నయ్యనెందుకు బతికించావు? నేనైతే...”

“నువ్వైతే మందులు మర్చిపోయేదానివా? నేనూ అనుకున్నాను. ఆ ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని అదే అనుకున్నాను. కానీ పోతే మంచివాడైపోతాడు. చచ్చినవాళ్ళంతా మంచివాళ్ళే కదా! మంచాన పడితే నా మెడకి గుదిబండ. రెండూ నాకొద్దు. అందుకే లేపి నిలబెట్టాను.”

“నిలబెట్టి?”

“శవాసనం కూడా అయిపోయిందోయ్! అది మాత్రం నా అంత బాగా ఎవరూ వెయ్యలేరు. ఏంటి చిట్టీ, ఆ కళ్ళేంటి?”

“ఏంలేదన్నయ్యా. ఉల్లిపాయలు.”

“ఇక్కడ ఉల్లిపాయలేవీ?”

“మీరిలా రండి. షుగర్ పడిపోయి చెమటలు పట్టి, చేతులు వణికితే ఏం చేస్తారు?”

“మళ్ళీ మొదలెట్టింది. జేబులో గ్లూకోజ్ బిళ్ళలున్నాయిగా, నమిలేస్తాను.”

“కాలికి దెబ్బ తగిలితే?”

“సొంత వైద్యం చెయ్యను. డాక్టరమ్మ దగ్గరికే.”

“పాదాలు ఎవరు చూస్తారు?”

“కింద అద్దం పెట్టుకుని నేనే. పోయిన నెల నేర్పావుగా.”

“వంట?”

“నేనే! సగం పళ్ళెం కూరలు, పావు పప్పు, పావు అన్నం. చిట్టీ, ఈ నెలంతా వంట నాదే తెలుసా? మీ వదిన కుర్చీలో కూర్చుని వంకలు పెడుతుంది, అంతే. ఏంటోయ్, ఇవాళ పరీక్షా?”

“పరీక్షే. పాసయ్యారు.”

“అయితే బహుమతి ఏది?”

“చిట్టీ, తలుపు వెనక నా పెట్టె ఉంది. తీసుకో.”

“ఎక్కడికి వదినా?”

“మా తమ్ముడింటికి. నువ్వూ వస్తున్నావు. ఆ మూడు ఫోన్ల సంగతి నేను చెప్తే వాడు నమ్మడు. చెవులారా విన్నదానివి నువ్వు చెప్పాలి.”

“ఫోన్లా? చిట్టీ! నువ్వు... నువ్వు విన్నావా? ఏం చెప్పావు దీనికి?”

“ఆ రోజు చెప్పాల్సింది అన్నయ్యా. పద వదినా. నేనే చెప్తాను.”

“ఇదిగో, ఆగు. ఆస్పత్రిలో నీ చెయ్యి పట్టుకుని బతిమాలాను కదా! మన్నించావనుకున్నాను. ఇంత సేవ చేశావు... సరే, వెళ్ళు, తమ్ముణ్ణి చూసి రా. ఎప్పుడొస్తావు?”

“రాను. జబ్బుమనిషిని వదిలి వెళ్ళిందన్న మాట పడకూడదనే ఇన్నాళ్ళూ ఆగాను.”