ఇనుప ఫోర్కు

భూపాలపల్లిలో సైకిల్ షాపు ముందు ఫారెస్టు వాచర్ తన సైకిల్‌కు స్టాండు వేసింది. షాపాయన కుర్చీలోంచి లేవలేదు.

“అన్నా, పోయిన వారం ముందు చక్రానికి నువ్వేసిన అల్యూమినియం ఫోర్కు తీసెయ్యి. నా ఇనుపది నాకియ్యి.”

“పిచ్చా అక్కా? గిది సగం బరువే ఉంటది.”

“రాళ్ల బాటల దెబ్బలన్నీ చేతులకే తగులుతున్నయి. ఇనుపది జర వంగి దెబ్బను ఆపేది.”

“రెండిట్ల స్ప్రింగు లేదు. ఏదైనా ఒక్కటే. నీకేం తెలుసు?”

“మొన్న అడవిల మంట లేసింది. ఫోన్ చేద్దామంటే వేళ్లు తిమ్మిరెక్కి ఆడలే. చేసేసరికి రెండెకరాలు కాలినయి.”

“దానికి నేనేం జెయ్యాలె? నీ ఇనుపది పాత సామాన్లు కొనేటోనికి అమ్మేసిన.”

“అయితే గా గోడకున్న నీ సైకిల్‌ది విప్పు. నువ్వు తొక్కేది ఇనుపదే కద.”