నరసమ్మ పిన్ని అరచెయ్యి

అప్పుడే లేస్తున్నావేంటే ఉషశ్రీ? సాయంత్రం అయిపోయిందా? ఎవరు చెప్పారు, నీ సెల్లా? కూర్చోవే. సాయంత్రం ఎంతసేపో మా నరసమ్మ పిన్ని చెప్పాలి గానీ సెల్లులకేం తెలుసు. నువ్వు పుట్టకముందే పోయిందిలే. మన ఉండి కాలవ చివర రెండెకరాలు ఆవిడవి. మొగుడు లేడు, ఒక్కతే కూతురు. పక్క చేను మనదే, ఇప్పుడు చేపల చెరువు చేశారు చూడు, అదే. ఒక ఏడు కాలవకి నీళ్ళు తక్కువై వంతులేశారు. పొద్దున్నించి సాయంత్రం దాకా పిన్నిది, తరవాత నాది. తీరా చూస్తే కాలవ నిండా గుర్రపుడెక్క! పాపం, మోకాలిలోతు బురదలో దిగి అంతా తనే లాగి పోసింది. నీళ్ళు వచ్చేసరికి నాలుగు. ఆకుమడేమో నెర్రెలిచ్చేసింది. అది పోతే మళ్ళీ నారెక్కడిది, ఆ ఏడు పంటే లేదు.

నేనేం చేశానో తెలుసా? చెప్పుకుంటే సిగ్గు. పెళ్ళిలో మీ మామ్మ పుట్టింటివాళ్ళు పెట్టిన వాచీ కట్టుకుని వెళ్ళి, "అయిదైందండీ అచ్యుతరావుగారూ, సాయంత్రమైపోయింది, తూము మూసెయ్యండి" అన్నాను. ఆయన కాలవ లస్కరు, తూములు తెరిచేదీ మూసేదీ ఆయనే, మెత్తటి మనిషి. "టైమైందంటున్నాడమ్మా ఈ తాతాజీ, నన్నేం చెయ్యమంటారు?" అంటూ తూము పలక మీద చెయ్యేశాడు. పిన్ని గభాల్న వచ్చి అడ్డంగా కూర్చుంది! "ఏవండీ, మీ నాన్నగారు లస్కరు చేసినప్పుడు వాచీ ఉందా ఆయనకి? అరచేతిలో గీతలు కనపడినంతసేపూ సాయంత్రమేనని ఈ గట్టు మీదే కదండీ వంతులు తేల్చేవారు! ఇదిగో చెయ్యి. కనపడకపోతే చెప్పండి, నేనే లేస్తా." పవిటతో బురద తుడుచుకుని చెయ్యి చాపింది.

ఆయన వంగి చూశాడు. "కనపడుతున్నాయమ్మా." కాసేపాగి మళ్ళీ చూశాడు. "కనపడుతున్నాయి." కొంగలన్నీ కొల్లేటివైపు వెళ్ళిపోయాయి. నా వాచీలో ముల్లు నాకే ఆనట్లేదు, ఆయనకి మాత్రం గీతలు కనపడుతున్నాయంట! పైగా, "ఆయుర్దాయం గీత బాగా పొడుగమ్మా" అంటాడు. ఇంతలో చేలోంచి కూతురు కేక, "అమ్మా, చివరి గట్టు దాకా తడిసిందే!" అని. పిన్ని లేచి, "ఇప్పుడు కనపడట్లేదు. తీసుకోరా తాతాజీ నీ నీళ్ళు" అంది. అబ్బ, ఆ నడక చూడాలి, ఊరంతా గెలుచుకున్నట్టు!

ఆ ఏడు నారు ఎంత ఏపుగా లేచిందనుకున్నావు! నాకు చాలకపోతే తనే పిలిచి కట్టలిచ్చింది. ఆ తరవాత గట్టు మీదికి నేను వాచీ కట్టుకెళ్ళలేదమ్మా. తొంభైరెండేళ్ళు బతికింది మహాతల్లి.

ఏదీ, నీ చెయ్యి చూడు. నాకు శుక్లాలు, నువ్వే చెప్పు. కనపడుతున్నాయా? ఆఁ. అయితే కూర్చో.