పొద్దుటి బడి, మధ్యాహ్నం బడి

కాదు వదినా, నువ్వు ముందా దుప్పటి పక్కన పెట్టు. మడతలు తర్వాత పెట్టుకుందాం. నేను అడిగినప్పుడల్లా నీకేదో ఒక పని గుర్తొస్తోంది, చూస్తూనే ఉన్నా.

అన్నయ్య ఉండడనే ఈ వేళకి వచ్చాను. ఉంటే మధ్యలో దూరి, బడి గొడవలు ఇంట్లోకెందుకు తెస్తారంటాడు.

నా ఉద్యోగం నీకు తెలుసుగా. ఏ బళ్ళో ఎవరి పిల్లలు చదువుతున్నారో వివరాలు తెప్పించి, ఊరు మొత్తానికి ఒక్క అంకె కట్టి పైకి పంపడం. ఆ అంకె ఏమిటని నువ్వెప్పుడూ అడగలేదు. ఇవాళ విను. మన ఊళ్ళో పైన మిట్ట మీద ఉండేవాళ్ళ పిల్లలు సగం, కింద మన పల్లంవాళ్ళ పిల్లలు సగం. ప్రతి బళ్ళోనూ అలాగే సగం సగం ఉంటే సున్నా. ఏ బళ్ళోనూ వీళ్ళ మొహం వాళ్ళు చూడకపోతే వంద. మధ్యలో అరవై వచ్చిందనుకో, అన్ని బళ్ళూ సమంగా కలవాలంటే ఒక పక్కవాళ్ళలో నూటికి అరవైమంది బడి మారాలన్నమాట. అంతే. ఇందులో బ్రహ్మవిద్యేం లేదు.

నిరుడు మనకి డెబ్భై. ఈ ఏడు పన్నెండు.

మా పెద్దసారు మీటింగు పెట్టి చప్పట్లు కొట్టించారు. అందరూ నా వైపు తిరిగి నవ్వుతున్నారు. నేను మాత్రం నిరుటి కాగితం తీసి మళ్ళీ చూసుకున్నాను. ఇన్నేళ్ళుగా చూస్తున్నా, ఈ అంకె ఒకటీ రెండూ దిగడానికే నానా యాతనా పడుతుంది. ఇలా గోడ దూకినట్టు దిగితే ఎవరో ఎత్తుకుని దింపారనే కదా?

పల్లంలో బడి కప్పు కూలేలా ఉందని మూసేసి, పిల్లల్ని నువ్వు పనిచేసే మిట్ట బళ్ళో కలిపారు. నిజమే. పేపరు మీద ఒకే పేరు, ఒకే హెడ్మాస్టరు, సగం సగం పిల్లలు. నేను కట్టిన అంకెలో తప్పులేదు. అదే నన్ను నిద్ర పోనివ్వలేదు.

అందుకే మొన్న మీ బడికి వచ్చాను. నిన్ను చూడ్డానికి కాదు. రెండు గేట్లూ కనిపించేలా, మూల మీది జిరాక్సు షాపులో నిలబడ్డాను.

గంట కొట్టారు. ముందు గేటు తీశారు. మిట్ట పిల్లలు బిలబిలా బయటికొచ్చారు. వాళ్ళంతా వెళ్ళిపోయాక ఆ గేటు మూసి, అప్పుడు వెనక గేటు తీశారు. అక్కడ ఎండలో ఎప్పట్నుంచో నిలబడి ఉన్నారు మన పిల్లలు. ఈలోపు ఆయమ్మ బెంచీలన్నీ తడిగుడ్డతో తుడవడం కిటికీలోంచి కనిపించింది. దుమ్ము కోసమే అయ్యుండొచ్చు. నాకిప్పుడు దుమ్ము మీద కూడా అనుమానమే.

రెండు గేట్లూ ఒకేసారి తీయరేమయ్యా అని వాచ్‌మన్‌ని అడిగాను. "తోపులాట అవుతుందమ్మా" అన్నాడు. నా మొహం చూడకుండా.

అవును, మీరు చెప్పే కారణం నాకు తెలుసు. పల్లం పిల్లల ఇళ్ళు దూరం, పొద్దున్నే రాలేరు, అందుకని వాళ్ళకి మధ్యాహ్నం పూట బడి పెట్టాం అని. మరి వెనక గేటు దగ్గర అంతమంది అంత ముందుగా ఎలా వచ్చారు వదినా?

బళ్ళో పిల్లల్ని చేర్చుకునే బల్ల దగ్గర కూర్చునేది నువ్వే. ఎవరిని పొద్దున వెయ్యాలో, ఎవరిని మధ్యాహ్నం వెయ్యాలో నీకెవరు చెప్పారు? హెడ్మాస్టరా? కాదా? పైనుంచి ఎవరైనా ఫోన్ చేశారా?

ఎవరూ చెప్పలేదా.

అదే అనుకున్నాను. చెప్పి ఉంటే బాగుండేది. ఒకణ్ణి పట్టుకుని తిట్టేదాన్ని.

ఇంకోటి కూడా చూశాను. నీ చెయ్యి పట్టుకుని మా పాప ముందు గేటులోంచి వచ్చింది. కంచె అవతల మా పక్కింటి పిల్ల వరసలో ఉంది. రోజూ సాయంత్రం మా గుమ్మంలో ఆడుకునే పిల్లే. పాపని చూసి సంబరంగా చెయ్యి ఊపింది. పాప వంగి బూటు లేసు సర్దుకుంది. లేసు ఊడలేదు వదినా. నేను చూశాను.

నువ్వూ చూశావు. చూసి, దాన్ని గబగబా లాక్కెళ్ళావు.

ఆఫీసుకెళ్ళి మీ బడి ఒక్కదానికే మళ్ళీ లెక్క కట్టాను. పొద్దుటి బడి ఒకటి, మధ్యాహ్నం బడి ఒకటి అనుకుని. తొంభై ఏడు వచ్చింది. పల్లం పిల్లలు వందమందిలో ముగ్గురే పొద్దున వస్తున్నారు. పేర్లు వెతకక్కర్లేకపోయింది. మీ క్లర్కు కొడుకు, మందుల షాపాయన కూతురు, మా పాప.

నాతోపాటు వస్తుంది, నాతోపాటు పోతుంది, నీకు తిప్పలుండవు అన్నావు చేర్చేటప్పుడు. అది ప్రేమే. కాదనను. కానీ ఆ బల్ల దగ్గర నీ పక్కన నిలబడ్డ మిగతా తల్లులకి ఏమన్నావు? ఇల్లు దూరం అన్నావా? మా పక్కింటావిడకి కూడా అదే చెప్పావా? మా రెండిళ్ళ మధ్య గోడ కూడా ఒక్కటే కదా.

సరే, ఏడవకు. నేను నిన్ను దులపడానికి రాలేదు. కొత్త లెక్క నిన్ననే పైకి పంపేశాను. పెద్దసారు పిలిచి, పూటలవారీగా కట్టమని నిన్నెవరడిగారన్నారు. ఎవరూ అడగలేదండీ అన్నాను. ఇంక ఆపడం ఆయన చేతిలో లేదు. విచారణ వస్తుంది. ముందు నిన్నే అడుగుతారు, జాగ్రత్త.

పాపనా? మధ్యాహ్నానికి మార్చనా అంటున్నావా?

వద్దు. ఇప్పుడే మార్చకు. మార్చేదేదో అందర్నీ ఒకేసారి మారుస్తారుగా, అప్పటిదాకా ఉండనీ.

ఏం వదినా, అలా చూస్తావు? నేను గదిలోంచి వస్తుంటే పెద్దసారు ఇంకో మాట కూడా అడిగారు. ఇంత పకడ్బందీగా విడదీసినవాళ్ళకి పూర్తిగా వంద ఎందుకు రాలేదమ్మా, ఆ ముగ్గురు ఎవరు అని.

లెక్కల్లో అలాంటి చిన్నాచితకా తేడాలు ఉంటూనే ఉంటాయండీ అన్నాను.