మాట పొదుపు

ఆ రోజు తెల్లవారేసరికి మబ్బు కమ్మింది; మధ్యాహ్నమైనా విడవలేదు. మండవల్లి దగ్గర, సంఘం చేపల చెరువు గట్టు మీది షెడ్డులో అన్నదమ్ములు తాతారావు, శ్రీహరి. క్యారేజీ తెచ్చిన తాతారావు కూతురు హర్షిణి.

"'మబ్బు' అన్నాడమ్మా మీ నాన్న. అంతే, ఫోన్ పెట్టేశాడు. తెల్లారుతుండగా లేపి ఒక్క ముక్క."

"మబ్బు పడితే నీళ్ళలో గాలి చాలక చేపలు చచ్చిపోతాయని, గాలి కొట్టే ఏరేటర్లు వెయ్యాలని నీకు తెలీదా బాబాయ్?"

"తెలుసు. తెలుసులేవే. నిద్రమత్తులో తట్టలేదు. వానేమోననుకుని దుప్పటి లాక్కున్నా. 'ఏరేటర్లు వెయ్యరా' అని ఇంకో రెండు మాటలు అనకూడదా అన్నయ్యా?"

"తెలుసుననుకున్నా."

"చూశావా? ఇదీ వరస."

"ఇలాంటోళ్ళకి ఇంగ్లీషులో ఓ మాటుంది బాబాయ్. లకోనిక్. మొన్న ఏలూరులో మా మేడమ్ చెప్పారు. గ్రీసులో లకోనియా అని ఓ సీమంట. అక్కడోళ్ళు మాట పొదుపంట."

"అక్కడైతే మీ నాన్నని సర్పంచిని చేసేవాళ్ళు."

"విను బాబాయ్. పక్క రాజు 'నేను గెలిచానంటే మీ ఊళ్ళు నేలమట్టం' అని కబురంపాడంట. వీళ్ళు ఒకే మాట తిరిగి పంపారు. 'గెలిస్తే' అని. వాళ్ళ సీమ పేరే ఆ మాటకొచ్చింది."

"వాళ్ళు శత్రువుతో పొదుపు. ఈయన తమ్ముడితో."

"క్యారేజీ విప్పమ్మా."

"నాకొద్దు. నేను ఆకివీడు పోయి చేపల లారీ మీద పనికెక్కుతా."

"తినరా."

"తిననన్నానా. నేనిక్కడ చచ్చిన చేపలేరుతుంటే నువ్వు సంఘం మీటింగుకెళ్ళావు. రాత్రి కాపలా వంతు మనింటిది. ఇద్దర్లో పడుకున్నోడెవడో వాడు రేపట్నుంచి ఈ గట్టెక్కకూడదన్నారంట. నిజమేనా?"

"ఊఁ."

"ఊఁ ఏంటి అన్నయ్యా. పదేళ్ళబట్టి ఈ చెరువే నా బతుకు. అందరి ముందూ నాకోసం ఒక్క మాటన్నా అన్నావా?"

"అన్నా."

"ఎన్ని?"

"ఒకటి."

"ఒకటి. అందరూ నామీద పడితే ఒకటి. ఏమన్నావో అది కూడా మేమే ఊహించుకోవాలా?"

"చెప్పు నాన్నా. ప్రెసిడెంటుగారు ఏమడిగారు?"

"పడుకుందెవరని."

"నువ్వేమన్నావు?"

"నేనని."

హర్షిణి మూడు కంచాలు పెట్టింది. శ్రీహరి ముందు అన్నయ్యకి వడ్డించి, తనూ కూర్చుని తిన్నాడు.